అత్తమ్మ పిడికిలి

మా అత్తమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను బోధన్ దగ్గర చెరుకు కాటాలో ఉన్నాను. సీజను నడుస్తోంది. బండ్లు రోడ్డు దాకా వరుస కట్టి ఉన్నాయి. ఫోనెత్తిన కాటా మేస్త్రి నా వైపు చూసి, రిసీవరు చేత్తో మూసి, "ఇంటి నుంచి, సార్" అన్నాడు. అవతల నా భార్య ఒక్క మాటే చెప్పింది. నేను ముందున్న బండి చీటీ రాయడం పూర్తి చేసి, సంతకం పెట్టి, అప్పుడు లేచాను. నిజామాబాద్ బస్సులో కూర్చున్నాక కూడా ఏడుపు రాలేదు. వచ్చింది కోపం. నెల దాటింది. అది ఇంకా తగ్గలేదు.

పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు. చదివేవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పుకుంటున్నాను.

ఆ రోజు ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నవాళ్ల మాటలు నా చెవిన పడుతూనే ఉన్నాయి. బీడీలు చేసీ చేసీ చేతులు పోగొట్టుకుంది పాపం అని ఒకరు. షుగరు జబ్బు ఎవరిని వదిలింది అని ఇంకొకరు. అంతా రాత అని అందరూ. ఏ రాతా కాదు. ఆమె ఒంటికి ఏం జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో నాకు తెలుసు. ఆ జరిగినదాంట్లో నేనూ ఉన్నాను.

ఆమె పుట్టిల్లు నందిపేట్ దగ్గర పల్లె. పసుపు ఉడకబెట్టే ఇల్లు. పెళ్లయి నిజామాబాద్ వచ్చాక బీడీలు చుట్టడం నేర్చుకుంది. మామయ్యకు సైకిళ్ల దుకాణం ఉండేది, ఆయన తొందరగానే పోయాడు. ఒక్కగానొక్క బిడ్డను ఆమె బీడీల మీదే చదివించింది. ఆ బిడ్డనే నేను చేసుకున్నాను.

ఆమె చేతులను నేను మొదట చూసింది పెళ్లి పీటల మీద. కాళ్లు కడిగే వేళ నీళ్ల చెంబు ఆమె చేతిలో నిలవలేదు. నీళ్లు నా పంచె మీద ఒలికాయి. మా వాళ్లు నవ్వారు. కంగారు పడుతోందనుకున్నాను. వంగి చూస్తే చూపుడు వేలి కణుపు, నడిమి వేలి కణుపు మేడిపండ్లలా ఉబ్బి ఉన్నాయి. ఆమె నా చూపు గమనించి చెయ్యి కొంగు కింద పెట్టుకుంది.

తర్వాత తర్వాత తెలిసింది. ఆమె తలుపు గడియ మణికట్టుతో తీస్తుంది. తడి చీరను పిండదు, రాయి మీద వేసి మోచేతితో ఒత్తుతుంది. పొద్దున లేచాక గంట సేపు వేళ్లు విచ్చుకోవు, అందుకే మిగతావాళ్ల కంటే ముందు లేస్తుంది. ఈ కీళ్లవాతం ఎప్పటి నుంచి అని అడిగితే చెప్పదు. తునికాకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. అన్నీ వేలి కొసల పనే. బీడీ వదులుగా ఉంటే, ఆకు ఇచ్చి బీడీలు లెక్క చూసి తీసుకునే కార్ఖానా టేకేదారు పక్కకు పడేస్తాడు. పక్కకు పడేసిన బీడీలను వెనక్కి ఇవ్వడు కూడా. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆమె మాత్రం ఆ రోజుల్లో టేకేదారును ఒక్క మాట అనేది కాదు. ఇంటికొచ్చి చాట ముందు కూర్చుని ఇంకా గట్టిగా చుట్టేది. గట్టిగా చుట్టిన కొద్దీ కణుపులు ఇంకా ఉబ్బేవి.

ఇక నా సంగతి.

బోధన్ వారం అంగట్లో ఒకాయన బిళ్లలు అమ్మేవాడు. సరిహద్దు అవతల నుంచి వచ్చేవాడు. సగం మరాఠీ, సగం తెలుగు. గొడుగు కింద ఎముకల గూడు బొమ్మ వేలాడదీసి, తెల్ల డబ్బాలు పేర్చుకుని కూర్చునేవాడు. ఇది మందు కాదు, ఒంటికి తాకత్తు, బలం, ఎముకలకు ఆహారం, మందులైతే చెరుపు చేస్తాయి గానీ ఆహారం ఏం చేస్తుంది అనేవాడు. ఆ మాట నాకు నచ్చింది. డిగ్రీ చదివినవాణ్ని. చెరుకు రసంలో ఎంత తీపి ఉందో లెక్క తేల్చే ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తున్నవాణ్ని. ఆ డబ్బా మీద లోపల ఏముందో ఒక్క అక్షరం రాసి లేదని నాకు తోచలేదు.

అల్లుడు చేతికిచ్చిన డబ్బా. ఆమె కళ్లకు అద్దుకుని తీసుకుంది.

నాలుగో రోజుకు ఆమె వేళ్లు ముడుచుకున్నాయి, విప్పుకున్నాయి. వారం తిరిగేసరికి, ఏ పండుగా లేని రోజుల్లో, కూర్చుని సకినాలు చుట్టింది. సకినం చుట్టాలంటే బొటనవేలూ చూపుడు వేలూ పిండిని సన్నగా మెలిపెడుతూ తిరగాలి. ఆ పని వదిలేసి ఏళ్లయిందట. డబ్బా నిండా పోసి బస్సులో బోధన్‌కు తానే తెచ్చింది. మా కాటా వాళ్లందరికీ పంచాను. మా అత్తమ్మ చేతులు నేను బాగుచేశానని చెప్పుకున్నాను కూడా. ఆ గొప్పలు చెప్పుకున్న నోటిని ఇప్పుడు నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

రెండేళ్లు తెచ్చాను. మొదటి ఏడాదే ఆమె ముఖం గుండ్రమైంది. అల్లుడు మంచిగా చూసుకుంటున్నాడు, ముఖం నిండింది అన్నారు గల్లీలో. మెడ వెనుక కండ పెరిగింది. చెయ్యి ఎక్కడ తగిలినా నీలం మచ్చ పడేది. చెంబుల కొద్దీ నీళ్లు తాగేది. నా భార్య రెండుసార్లు అడిగింది, ఆ బిళ్లలు ఏమిటో ఎవరికైనా చూపిద్దామని. నేను విసుక్కున్నాను. నీకేం తెలుసన్నాను.

ఆ తర్వాతి సీజనులో బండ్ల రద్దీ ఎక్కువై నాకు మూడు వారాలు అంగడికి పోవడం కుదరలేదు. పోయిన రోజు అతను లేడు. ఇటు అత్తమ్మ దగ్గర డబ్బా ఖాళీ అయింది. ఐదో రోజు పొద్దున వాకిలి ఊడుస్తూ చీపురు మీదే కూలిపోయింది. ఊరి బయట ఉన్న మిషన్ దవాఖానకు ఆటోలో తీసుకుపోయారు. నేను చేరేసరికి సెలైను ఎక్కుతోంది. కళ్లు తెరిచి ఉన్నాయి గానీ ఎవరినీ పోల్చుకోవడం లేదు.

పెద్ద డాక్టరు ఖాళీ డబ్బాను తిప్పి తిప్పి చూశాడు. ఎవరు తెచ్చారని అడిగాడు. నేనేనన్నాను. ఆయన అరవలేదు. కూర్చోమని, నిదానంగా చెప్పాడు. ఇలాంటి తెల్ల డబ్బాలతో తన దగ్గరికి చాలామంది వస్తున్నారట. వాటిలో ఉండేది తాకత్తు కాదు, స్టెరాయిడ్ అన్నాడు. డాక్టరు చేతిలో ఉంటే అది కూడా మందే. కొలత లేకుండా ఏళ్ల తరబడి తింటే చక్కెర జబ్బు తెస్తుంది, ఎముకను గుల్ల చేస్తుంది, ఒంట్లో సహజంగా ఊరేదాన్ని ఊరకుండా చేస్తుంది. అలాంటప్పుడు ఒక్కసారిగా ఆపితే మనిషి ఇలా కూలిపోతుంది. అందుకని మళ్లీ కొలతగా ఇచ్చి, నెలల మీద మెల్లగా తగ్గించాలి. షుగరు మాత్రం అప్పటికే వచ్చేసిందన్నాడు. అది పోతుందా అని అడిగాను. ఆయన షుగరు మందు చీటీ రాసి నా చేతిలో పెట్టాడు.

మూడో రోజు ఆమె లేచి కూర్చుంది. ఎవరో నన్ను తప్పుపట్టబోతే ఆపింది. అందరూ పోయాక నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు తెచ్చినవని తిన్న బిడ్డా. ఏందని అడుగకుంట తిన్న. గది నా తప్పు. నువ్వు గూడ వాన్ని అడుగకుంట తెచ్చినవ్. గది నీ తప్పు. నీ తప్పు నేను మొయ్య, నా తప్పు నువ్వు మొయ్యకు."

అంత న్యాయంగా నన్నెవరూ తిట్టలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, చక్కెర లేని చాయ్ తాగుతూ, "చక్కెర ఫ్యాక్టరీ అల్లుడొస్తే ఇంట్ల చక్కెరకు కొదువుండదనుకున్న. ఒంట్ల గూడ కొదువ లేకుంట జేసిండు" అంది. నా భార్య నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆ దవాఖానలోనే చేతుల కసరత్తు చెప్పే సిస్టరమ్మ ఒకావిడ ఉండేది. చర్చి వాళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా కుష్టు వచ్చినవాళ్ల వేళ్లను ఒక్కొక్కటే పట్టుకుని కదిలించిన మనిషి. డాక్టరు అత్తమ్మను ఆవిడకు అప్పజెప్పాడు. కీళ్లవాతానికి వారానికొకసారి వేసుకునే అసలు మందు, ఎముకల కోసం కాల్షియం, డి విటమిన్ రాశాడు. చేప నూనె గొట్టం మాత్రలు కూడా రాసి, వీటి వల్ల కొందరికి కొంచెం తేలిక అవుతుంది, అది కూడా నెలలు పడుతుంది, మందుకు బదులు కాదు, నాలుగు రోజుల్లో తగ్గించే బలం బిళ్ల ఏదీ ఈ లోకంలో లేదు అని నాకు చెప్పాడు. ఆమెకు కాదు, నాకే చెప్పాడు.

కసరత్తు అంటే ఏమీ లేదు. గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి కాసేపు ఉంచాలి. తర్వాత మెల్లగా పిడికిలి ముడవాలి, విప్పాలి. బొటనవేలితో ఒక్కో వేలి కొసను తాకాలి. అరచెయ్యి బల్ల మీద పరిచి వేళ్లను ఒక్కొక్కటే పైకి లేపాలి. గట్టిగా పిసకకూడదు. వాపు ఎక్కువగా ఉన్న రోజు తగ్గించుకోవాలి. చేశాక రెండు గంటలు దాటినా నొప్పి ఉందంటే ఎక్కువ చేసినట్టు, రేపు తక్కువ చెయ్యాలి. అంతే. ఏ అంగడిలోనూ అమ్మడానికి లేనిది. అందుకే ఎవరూ బొమ్మ వేలాడదీసి చెప్పరు.

మొదట్లో అత్తమ్మ పిడికిలి అప్పడాల కర్ర చుట్టూ కూడా ముడుచుకునేది కాదు. సిస్టరమ్మ ఆ కర్రే కొలతగా పెట్టింది. మూడు నెలలకు కర్ర పట్టుకుంది. ఇంకో రెండు నెలలకు గరిటె కాడ. ఏడాది తిరిగేసరికి పెన్సిల్. మధ్యలో ఎన్నోసార్లు ఏడ్చింది, సిస్టరమ్మను తిట్టింది, ఇంతకంటే ఆ బిళ్లలే నయమని ఒకరోజు నా ముందే అంది. సిస్టరమ్మ నొచ్చుకోలేదు. "నొప్పి తిడ్తది, నువ్వు కాదమ్మా" అని మళ్లీ చెయ్యి పట్టుకుంది.

గల్లీ మాత్రం ఊరుకోలేదు. కుష్టు దవాఖానకు పోతోందన్న మాట పాకింది. పక్కింటామె ఈమె చేతి నీళ్లు తాగడం మానేసింది. టేకేదారు, నీ బీడీలు జనం నోట్లో పెట్టుకునేవి కదా అని ఆకు ఇవ్వడానికి నసిగాడు. బీడీలు వదులైతే పడేసినప్పుడు నోరెత్తని మనిషి ఆ రోజు కార్ఖానా అరుగెక్కింది. నేను అక్కడే ఉన్నాను.

"నా చేతులు సూడు సేటూ. గివి నీ బీడీలు జేసి గిట్లయినయి, దవాఖానకు పోయి గాదు. ఆకు ఇయ్యనంటే ఇయ్యకు. కని గిక్కడ కూసున్న ఆడోళ్ల చేతులు గూడ ఒక్కపారి సూసి చెప్పు."

ఆ అరుగు మీద పదిహేను మంది దాకా ఉన్నారు. ఎవరూ చేతులు చూపించలేదు. కొంగుల కింద పెట్టుకున్నారు. టేకేదారు ఆకు ఇచ్చాడు.

ఆ తర్వాత వారం నుంచి ఆమె పని ఆ అరుగు మీదే మొదలైంది. బీడీలు లెక్కకు పెట్టి ఆడవాళ్లు వరుసలో కూర్చునే సమయం ఉంటుంది కదా, అప్పుడు వాళ్ల చేతులు నేల మీద పరిపించేది. "ఎత్తు, దించు" అనేది. మొదట ఇద్దరే చేశారు. తర్వాత ఆరుగురు. నవ్వినవాళ్లను తిట్టేది. గంటకోసారి చాట పక్కన పెట్టి వేళ్లు చాపమనేది. చుట్టేటప్పుడు గంటసేపు చేతులను ఆపితే ఎన్ని బీడీలు తగ్గుతాయో అని ఎవరైనా అడిగితే, గంట కాదు రెండు నిమిషాలు అని సరిచేసేది. వాపు, పొద్దుటి బిగుతు ఉన్నవాళ్లను నలుగురిని తానే వెంటబెట్టుకుని మిషన్ దవాఖానకు తీసుకుపోయింది. వాళ్లలో ఆమె చేతి నీళ్లు తాగనన్న పక్కింటామె కూడా ఉంది. ఆమెను ఎందుకు తీసుకుపోయావని అడిగితే, "దాని మొఖం జూసి గాదు, దాని వేళ్లు జూసి" అంది.

ఆమె చెప్పే మాట ఒకటి ఆ గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "తెల్లారేసరికి తగ్గించిన మందును నమ్మొద్దు. అది మన తాన ఏదో తీస్కొనే పోతది."

ఒక సోమవారం ఆమె చెప్పకుండా బోధన్ వచ్చింది. ఆ బిళ్లలవాడు మళ్లీ అంగట్లో దిగాడని నేనే ఎప్పుడో నోరుజారాను. నేను వెళ్లేసరికి ఆమె అతని గొడుగుకు ఎదురుగా, దారి మీద, చేతులు రెండూ ముందుకు చాపి కూర్చుని ఉంది. డబ్బా కొనడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ తన కథ చెబుతోంది. నా ముఖం రెండేళ్లు పున్నమి చంద్రుని లెక్క ఉండె, ఇప్పుడు షుగరు మందు వేసుకుంటున్న అంటోంది. రెంజల్ నుంచి వచ్చిన ముసలాయన ఒకడు డబ్బా తిరిగి ఇచ్చేశాడు. బిళ్లలవాడు మొదట నవ్వాడు, తర్వాత మరాఠీలో తిట్టాడు, చివరికి చేతులు జోడించి లేవమన్నాడు. ఆమె పొద్దు వాలేదాకా లేవలేదు.

మరుసటి వారం అతను ఆ అంగడికి రాలేదు. గెలిచామనుకున్నాను. రెండు నెలల తర్వాత భీమ్‌గల్ జాతరలో అదే బొమ్మ, అదే గొడుగు చూశామని మా కాటాకు వచ్చిన రైతు చెప్పాడు. నేను అర్జీ రాసి మందుల తనిఖీ ఆఫీసులో ఇచ్చాను. కాగితం తీసుకున్నారు. మళ్లీ పోతే ఏ కాగితం అని అడిగారు. మూడోసారి నేను పోలేదు. అదీ నా తప్పే.

ఆమె ఆ తర్వాత ఐదేళ్లు బతికింది. పిడికిలి చివరిదాకా ముడిచింది. కానీ షుగరు కిడ్నీలను పట్టింది. ఆ బిళ్లల వల్లే అని ఏ డాక్టరూ కాగితం మీద రాసివ్వలేదు, రాయలేడు కూడా. నాకు మాత్రం కాగితం అక్కర్లేదు. చివరి వారం ఆసుపత్రి మంచం మీద ఆమె బొటనవేలితో మిగతా వేళ్లను తాకుతుంటే కొత్త నర్సు జపం చేస్తోందనుకుంది. పక్క మంచం మీది ఆమెకు కూడా నేర్పిందట. ఆ రెండు రోజుల పరిచయంలో.

ఇంత చేసిన మనిషి గురించి షామియానా కింద అంతా రాత అంటుంటే నేను వినాల్సి వచ్చింది.

పదకొండో రోజున జరిగింది చెప్పి ముగిస్తాను. భోజనాలయ్యాయి. అత్తమ్మ తమ్ముడు, నా భార్యకు మేనమామ, నందిపేట్ నుంచి వచ్చాడు. పెద్దమనిషి. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, అక్క చాలా కష్టపడిందన్నాడు. తనకూ ఏడాదిగా వేళ్లు పట్టేశాయని, ఒకచోట మంచి బలం బిళ్లలు దొరికాయని, దేవుడి దయ వల్ల ఇప్పుడు హాయిగా ఉందని చెబుతూ జేబులోంచి తెల్ల డబ్బా తీశాడు. అయిపోవచ్చాయి, బోధన్‌లో దొరికితే తెచ్చిపెట్టు అల్లుడూ అన్నాడు. అతని ముఖం అప్పుడు చూశాను. గుండ్రంగా, నున్నగా ఉంది.

నాకు ఏం చేశానో సరిగా గుర్తు లేదు. కుర్చీ పడిపోయింది. పెద్దగా అరిచాను. డబ్బా లాక్కుని మోరీ కాలువలోకి విసిరెయ్యబోయాను. పెద్దాయన బిత్తరపోయి అలాగే కూర్చున్నాడు. నలుగురూ లేచారు. అప్పుడు నా భార్య వచ్చి నా మణికట్టు పట్టుకుని డబ్బా తీసుకుంది.

"పారెయ్యకు. ఒక్కపారే ఆపితే అమ్మ లెక్క పడిపోతడు. రేపు పొద్దుగాల ఈ డబ్బాతోనే దవాఖానకు తీస్కపోదాం" అంది నాతో. పెద్దాయన వైపు తిరిగి, "మామా, జర గీడ కూసో" అంది.

లోపలికి పోయి బేసిన్ తెచ్చింది. నీళ్లలో మోచెయ్యి ముంచి వేడి చూసుకుంది. స్టూలు మీద పెట్టి, మేనమామ రెండు చేతులూ పట్టుకుని నీళ్లలోకి దించింది. ఆయన అక్కడ ఉన్నవాళ్ల ముందు సిగ్గుపడ్డాడు. పలచటి ఆవిరి లేస్తోంది. పెద్దాయన తల వంచుకుని నీళ్లలోని తన వేళ్లనే చూస్తున్నాడు. అవి మెల్లగా, ఒక్కొక్కటే కదులుతున్నాయి.